హాలు ఎవరిది? పందొమ్మిదో శతాబ్దపు విద్యార్థి చర్చా సభల గురించి

మీ ప్రశ్నలో మూడు ముక్కలున్నాయి. హిందూ కాలేజీ కుర్ర పంతులు డెరోజియో కలకత్తాలో నడిపిన అకడమిక్ అసోసియేషన్ లాంటి విద్యార్థి సభలు ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి యూనియన్లకు, అంటే అక్కడి విద్యార్థి చర్చా సంఘాలకు, నకళ్లేనా? ఉపన్యాసాలు తప్ప వాటివల్ల ఒరిగిందేమైనా ఉందా? తెలుగువాళ్లకు వాటితో ఏమైనా సంబంధం ఉందా? డిగ్రీ కాలేజీలో చాలా ఏళ్లు చరిత్ర పాఠం చెప్పాను. దానితోపాటు డిబేటింగ్ క్లబ్బు బాధ్యత కూడా నా నెత్తినే పడింది. అందుకని కాస్త పొడుగ్గానే రాస్తున్నాను, ఓపిక పట్టండి.

పాఠ్యపుస్తకాలు ఈ సభల గురించి చెప్పేటప్పుడు వాళ్లు ఏయే విషయాల మీద వాదించుకున్నారో జాబితా ఇచ్చి ఊరుకుంటాయి. విధి, స్వేచ్ఛ, దేవుడున్నాడా లేడా, విగ్రహారాధన, దేశభక్తి. నిజమే, ఇవన్నీ చర్చించారు. కానీ ఆ జాబితా చూస్తే ఏ ఊరి సభైనా ఒకేలా కనిపిస్తుంది. వాళ్లు కూర్చున్న గది ఎవరిది, దాని తాళంచెవి ఎవరి చేతిలో ఉంది అని అడిగి చూడండి. ఏ సభ ఎందుకు ధైర్యంగా మాట్లాడిందో, ఏది ఎందుకు నోరు కట్టుకుందో, ఏది ఎందుకు చెదిరిపోయిందో చాలావరకు అక్కడే తేలిపోతుంది. నా జవాబంతా ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది.

ముందు నకలు సంగతి. తేదీలు చూస్తేనే ఆ మాట కొంత సడలిపోతుంది. ఆక్స్‌ఫర్డ్ యూనియన్ మొదలైంది 1823లో, ఇప్పుడున్న పేరుతో మళ్లీ ఏర్పడింది 1825లో. కలకత్తాలో అకడమిక్ అసోసియేషన్ 1828 నాటిది. ఆక్స్‌ఫర్డ్ సభకు అప్పటికింకా పెద్ద పేరు రాలేదు. పైగా డెరోజియో ఇంగ్లండు గడప తొక్కినవాడే కాదు. 1809లో కలకత్తాలోనే పుట్టాడు, ధర్మతలాలో డేవిడ్ డ్రమ్మండ్ అనే స్కాట్లండు ఆయన నడిపిన బడిలో చదివాడు. హిందూ కాలేజీ వెనకున్న డేవిడ్ హేర్ కూడా స్కాట్లండు నుంచి వచ్చిన గడియారాల పనివాడే. స్కాట్లండులో ఈ అలవాటు పాతది. ఎడిన్‌బరోలో స్పెక్యులేటివ్ సొసైటీ 1764లోనే మొదలైంది. నన్నడిగితే కలకత్తా కుర్రాళ్ల సభకు మేనమామ పోలిక ఎడిన్‌బరోది, ఆక్స్‌ఫర్డ్‌ది కాదు.

ఇక కేంబ్రిడ్జి. అక్కడి యూనియన్ 1815లో మూడు చిన్న సభలు కలిసి ఏర్పడింది. సొంత భవనం లేదు, రెడ్ లయన్ అనే సత్రంలో కూడేవాళ్లు. 1817 మార్చి 24న సభ నడుస్తుండగా యూనివర్సిటీ ప్రాక్టర్లు (విద్యార్థుల క్రమశిక్షణ చూసే అధికారులు) లోపలికి వచ్చి వైస్ ఛాన్సలర్ ఆజ్ఞ వినిపించారు. సభ ఆపాలి, ఎవరి గదులకు వాళ్లు వెళ్లిపోవాలి అని. ఫ్రాన్స్‌తో యుద్ధాలు ముగిసినా దేశంలో అలజడి తగ్గని రోజులవి. ఆ నెలలోనే విచారణ లేకుండా జైల్లో ఉంచకుండా కాపాడే హెబియస్ కార్పస్ హక్కును కూడా తాత్కాలికంగా ఆపేశారు. అధ్యక్ష స్థానంలో ఉన్నవాడు విలియం హ్యూయెల్, తర్వాతి రోజుల్లో ట్రినిటీ కాలేజీ మాస్టర్ అయిన పండితుడు. అతను కంగారుపడలేదు. సభ్యులు కానివాళ్లు దయచేసి బయటికి వెళ్లండి, మీరు తెచ్చిన కబురును సభ పరిశీలిస్తుంది అన్నాడు. ఎంత చక్కగా చెప్పినా సభ మూతపడింది. 1821లో తిరిగి తెరవనిచ్చారు కానీ షరతు పెట్టారు: ఇరవై ఏళ్ల లోపు జరిగిన రాజకీయాల జోలికి పోకూడదు. కుర్రాళ్లు ఊరుకుంటారా? పాత రాజుల పేరు చెప్పి నేటి మంత్రులను తిట్టే కళ నేర్చుకున్నారు. ఆ కాలపు కేంబ్రిడ్జిలో గట్టి వక్తగా పేరు తెచ్చుకున్నవాళ్లలో మెకాలే ఒకడు. అవును, మనకు ఇంగ్లిషు చదువే కావాలని 1835లో నివేదిక రాసిన మెకాలేనే.

అదే 1817లో అమెరికాలో డార్ట్‌మత్ కాలేజీలో ఇంకో రభస. అక్కడ విద్యార్థుల సాహిత్య సంఘాలకు సొంత గ్రంథాలయాలు ఉండేవి. అప్పట్లో చాలా అమెరికన్ కాలేజీల్లో అధికారిక గ్రంథాలయం వారానికి కొద్ది గంటలే తెరిచేవారు, అందులోనూ ఎక్కువగా మతగ్రంథాలే. నవలలు, చరిత్రలు, పత్రికలు కావాలంటే విద్యార్థులు చందాలు వేసుకుని కొన్న పుస్తకాలే దిక్కు. రాష్ట్ర ప్రభుత్వం డార్ట్‌మత్ కాలేజీని తన చేతిలోకి తీసుకుని యూనివర్సిటీగా మార్చబోయినప్పుడు యూనివర్సిటీ పక్షంవాళ్లు గొడ్డళ్లతో వచ్చి సోషల్ ఫ్రెండ్స్ అనే సంఘం గ్రంథాలయం తలుపు పగలగొట్టారు. విద్యార్థులు గుమిగూడి వాళ్లను చుట్టుముట్టారు. ఆ కాలేజీ వివాదమే సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1819లో చరిత్రకెక్కిన తీర్పయింది. వాదించిన డేనియల్ వెబ్‌స్టర్ విద్యార్థిగా ఉన్నప్పుడు యునైటెడ్ ఫ్రెటర్నిటీ అనే పోటీ సంఘంలో సభ్యుడు. కలకత్తాలో హిందూ కాలేజీ తలుపులు తెరిచింది కూడా ఆ 1817 జనవరిలోనే. కాకతాళీయమే, కానీ గుర్తుపెట్టుకోవడానికి బాగుంటుంది.

ఇప్పుడు కలకత్తాకు వద్దాం. ఇక్కడే కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

డెరోజియో ఇరవై ఏళ్లు నిండకముందే హిందూ కాలేజీలో ఇంగ్లిషు సాహిత్యం, చరిత్ర చెప్పేవాడు. అంటే శిష్యులకూ గురువుకూ వయసులో పెద్ద తేడా లేదు. అకడమిక్ అసోసియేషన్‌కు ఆయన అధ్యక్షుడు, ఉమాచరణ్ బసు కార్యదర్శి. మాణిక్‌తలాలో సింహా కుటుంబంవాళ్ల తోట ఇంట్లో సభ కూడేది. ఆ తోట ఇల్లే ఈ కథకు కీలకం. కాలేజీ ఆవరణ కాదు, ప్రభుత్వ భవనం కాదు, ఒక పెద్దమనిషి సొంత ఆస్తి. అందుకే లోపల మతాన్ని ప్రశ్నించిన హ్యూమ్‌నీ, టామ్ పెయిన్‌నీ ఎత్తి దేవుడి ఉనికి మీద వాదించుకున్నా అడ్డుకునే అధికారం ఎవరికీ లేకపోయింది. డేవిడ్ హేర్ వచ్చి కూర్చునేవాడు. కలకత్తా సుప్రీంకోర్టు న్యాయమూర్తి ఎడ్వర్డ్ రయన్ కూడా వచ్చి వినేవాడు.

అలాంటి సభలు ఎలా నడిచేవో మిషనరీ అలెగ్జాండర్ డఫ్ రాసిపెట్టాడు. చరిత్ర విషయమైతే రాబర్ట్‌సన్, గిబ్బన్; రాజకీయమైతే ఆడం స్మిత్, బెంథామ్; శాస్త్రమైతే న్యూటన్, డేవీ; మతమైతే హ్యూమ్, పెయిన్; తత్వమైతే లాక్, రీడ్, స్టువార్ట్. వక్తలు ఇలా రచయితల పేర్లు దండ గుచ్చినట్టు వల్లించేవారట. మధ్యలో ఒక బెంగాలీ కుర్రాడు రాబర్ట్ బర్న్స్ కవిత ఎత్తుకుంటే స్కాట్లండువాడైన డఫ్‌కు ప్రాణం లేచొచ్చింది. డఫ్ ఈ కుర్రాళ్ల నాస్తికత్వాన్ని అసహ్యించుకున్నవాడు. అతనే ఇంత ముచ్చటగా రాశాడంటే నమ్మొచ్చు. అయితే ఇందులోని లోపం కూడా దాచకూడదు. ఆ పేర్లలో ఒక్క బెంగాలీ పేరు లేదు, ఒక్క సంస్కృత గ్రంథం లేదు. అరువు తెచ్చుకున్న బాణాలతోనే యుద్ధమంతా.

1830లో కాలేజీ మేనేజింగ్ కమిటీకి చెమటలు పట్టాయి. రాజకీయ, మత చర్చలు జరిగే సభలకు మన విద్యార్థులు వెళుతున్నారని తెలిసింది, ఇది మాకు ఏమాత్రం సమ్మతం కాదు, ఇకపై వెళ్లరాదు అని ఉత్తర్వు వేసింది. ఆ ఏడాదే విద్యార్థులు తెచ్చిన పార్థినాన్ అనే పత్రికను కూడా పెద్దలు మొదటి సంచికతోనే ఆపించేశారు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడండి. పత్రిక నొక్కితే నలిగిపోయింది. సభ మాత్రం ఉత్తర్వు తర్వాత కూడా నడుస్తూనే ఉంది. వెళ్లొద్దని చెప్పగలరు కానీ తోట ఇంటికి తాళం వేయలేరు కదా.

తాళం వేయలేకపోయారు కాబట్టి మనిషిని పట్టుకున్నారు. 1831 ఏప్రిల్‌లో డెరోజియో మీద కమిటీ కూర్చుంది. దేవుడు లేడని బోధిస్తున్నాడు, తల్లిదండ్రులను గౌరవించనక్కర్లేదంటున్నాడు, అన్నాచెల్లెళ్లు పెళ్లాడొచ్చంటున్నాడు అని ఊరంతా పుకార్లు. రాధాకాంత దేవ్, రామ్‌కమల్ సేన్ వంటివాళ్లు తీసేయడం అవసరమన్నారు. ప్రసన్నకుమార్ ఠాకూర్, రసమయ్ దత్ అవసరమని కాదు గానీ ప్రస్తుత పరిస్థితిలో అదే మేలన్నారు. కమిటీలోని తెల్లవాళ్లు, సంస్కృత పండితుడు విల్సన్, హేర్ ఇద్దరూ ఇది హిందూ సమాజం మనోభావాలకు సంబంధించిన విషయమని ఓటు వేయలేదు. అక్కర్లేదు అని తెగేసి చెప్పింది ఒక్కడే: శ్రీకృష్ణ సింహా. తన తోట ఇంట్లో సభకు చోటిచ్చిన ఆయనే. ఈ ఓట్ల పట్టీ చదివినప్పుడల్లా నాకు అనిపిస్తుంది, లోపల ఏం జరుగుతోందో కళ్లారా చూసినవాడికి భయం వేయలేదు, వినికిడి మీద బతికినవాళ్లే భయపడ్డారు అని.

రాజీనామా తర్వాత డెరోజియో విల్సన్‌కు రాసిన ఉత్తరం చదవదగ్గది. దేవుడి మీద హ్యూమ్ సందేహాలు విద్యార్థుల ముందు పెట్టిన మాట నిజమే, దానికి రీడ్, డూగల్డ్ స్టువార్ట్ ఇచ్చిన సమాధానాలు కూడా పెట్టాను, ఒక పక్షమే చెప్పి వదిలేస్తే అది చదువెలా అవుతుంది అన్నది అందులోని వాదన. డిబేటింగ్ అనే పద్ధతికి ఇంతకన్నా మంచి సమర్థన ఆ శతాబ్దంలో నేను చూడలేదు. అదే ఏడాది డిసెంబరు 26న కలరాతో పోయాడు. ఇరవై రెండేళ్లు.

ఆయన పోయాక హేర్ అధ్యక్షుడయ్యాడు, సభ ఆయన బడికి మారింది. 1830ల చివరికి మెల్లగా చల్లారిపోయింది. కానీ సభ్యులు చల్లారలేదు. 1838లో తారాచంద్ చక్రవర్తి, రామ్‌గోపాల్ ఘోష్, రామ్‌తను లాహిరి, ప్యారీచంద్ మిత్ర వగైరా కలిసి సామాన్య జ్ఞానార్జన సభ అని పెట్టారు. వీళ్లంతా ఇప్పుడు ఉద్యోగాలు, వ్యాపారాలు చేసుకుంటున్న మాజీ విద్యార్థులు, చదువుకుంటున్న కుర్రాళ్లు కూడా చేరారు. నెలనెలా కూడి ఎవరో ఒకరు వ్యాసం చదవాలి, తర్వాత చర్చ. విషయాలు మారిపోయాయి చూడండి: కృష్ణమోహన్ బెనర్జీ చరిత్ర ఎందుకు చదవాలి అన్న వ్యాసం, మహేశ్‌చంద్ర దేవ్ హిందూ స్త్రీల స్థితి మీద, హరచంద్ర ఘోష్ బాంకురా జిల్లా నైసర్గిక స్థితి, లెక్కల మీద. బెంగాలీలో రాయాలి అని బెంగాలీలోనే వ్యాసం చదివినవాడూ ఉన్నాడు. దేవుణ్ణి వదిలి జిల్లాను పట్టుకున్నారు. ఇది ఎదుగుదల అనే నా ఉద్దేశం, కొందరు దీన్నే చప్పబడిపోవడం అంటారు.

వీళ్లకు దొరికిన చోటు మాత్రం తోట ఇల్లు కాదు. సంస్కృత కాలేజీ, హిందూ కాలేజీ ఒకే ప్రాంగణంలో ఉండేవి, అక్కడి హాలు కమిటీ అనుమతితో వాడుకునేవారు. 1843 ఫిబ్రవరి 8న ఆ హాల్లో దక్షిణారంజన్ ముఖర్జీ, కంపెనీ నేర న్యాయస్థానాల గురించి, పోలీసుల గురించి వ్యాసం చదువుతున్నాడు. కోర్టుల్లో లంచాలు, ఠాణాల్లో దౌర్జన్యం, అన్నీ ఉన్నదున్నట్టు. శ్రోతల్లో కాలేజీ ప్రిన్సిపాల్ కెప్టెన్ డి. ఎల్. రిచర్డ్‌సన్ ఉన్నాడు. ఈయన దుర్మార్గుడేమీ కాదు, కవి, షేక్‌స్పియర్‌ను గొంతెత్తి చదివితే పిల్లలు మంత్రముగ్ధులయ్యేవారు. ఆయన మధ్యలో లేచాడు. ప్రభుత్వం కట్టించిన హాల్లో నిలబడి ప్రభుత్వాన్నే దోపిడీదార్లని తిట్టడం రాజద్రోహం, ఈ హాలును రాజద్రోహుల గుహ కానివ్వను, ఇలాంటి సభలకు తలుపులు మూసేస్తాను అన్నాడు.

అధ్యక్ష స్థానంలో తారాచంద్ ఉన్నాడు. ఆయన జవాబు సారాంశం ఇది. మీ ప్రవర్తన ఈ సభకు అవమానం. ఈ హాలు మేం కమిటీని అడిగి అనుమతితో తీసుకున్నాం, మీ దయాదాక్షిణ్యం మీద కాదు. ఇవాళ మీరు ఇక్కడ అతిథి మాత్రమే, సభ్యుడు మాట్లాడుతుండగా ఆపే హక్కు మీకు లేదు. మాటలు వెనక్కి తీసుకుని క్షమాపణ చెప్పండి, లేకపోతే కమిటీ దాకా, అవసరమైతే ప్రభుత్వం దాకా వెళతాం.

ఒక నేటివ్, తెల్ల ప్రిన్సిపాల్‌ను, ఆయన సొంత కాలేజీలో, మీరు అతిథి, కూర్చోండి అంటున్నాడు! 1843లో! నా దృష్టిలో యంగ్ బెంగాల్ (డెరోజియో శిష్యుల బృందానికి వచ్చిన పేరు) మొత్తం చరిత్రలో దీన్ని మించిన ఘట్టం లేదు. కేంబ్రిడ్జిలో హ్యూయెల్ అన్నదీ ఇదే. సభకు నియమాలున్నాయి, అధ్యక్షుడున్నాడు, బయటివాడు ఎంత పెద్దవాడైనా ఆ నియమానికి లోబడాలి. పదిహేనేళ్ల పాటు వారం వారం, నెల నెలా సభ నడిపితే ఆ నాలుకకు వచ్చిన తర్ఫీదు అది. ఎవరికి ఎప్పుడు మాట్లాడే హక్కు ఉందో ఎముకల్లోకి ఇంకిపోయింది. హ్యూమ్ వాదనలు ఎవరికి గుర్తున్నాయో లేదో గానీ, ఇది మాత్రం మిగిలింది.

హాలు పోయింది లెండి. సభ ఫౌజ్‌దారీ బాలాఖానా అనే చోటికి మారింది. ద్వారకానాథ్ ఠాకూర్ ఇంగ్లండు నుంచి వెంటబెట్టుకొచ్చిన జార్జ్ థామ్సన్ అనే వక్త అక్కడ వరుసగా ఉపన్యాసాలిచ్చాడు, ఏప్రిల్‌కల్లా బెంగాల్ బ్రిటిష్ ఇండియా సొసైటీ అనే రాజకీయ సంస్థ పుట్టింది. రిచర్డ్‌సన్ తలుపు మూయకపోతే ఆ సభ ఇంకో రెండేళ్లు వ్యాసాలు చదువుకుంటూ ఉండేదేమో. చిన్న పక్కదారి: రిచర్డ్‌సన్ ప్రియశిష్యుల్లో ఒకడు, తర్వాత బెంగాలీ కవిగా పేరుపొందిన మధుసూదన్ దత్ క్రైస్తవం పుచ్చుకున్నది ఆ గొడవ మర్నాడే, ఫిబ్రవరి 9న. హిందూ కాలేజీకి అది మామూలు వారం కాదు. ఆ మధుసూదనుడే తర్వాత 1848 నుంచి 1856 దాకా మద్రాసులో పంతులుగా, పత్రికా రచయితగా గడిపాడు.

బొంబాయి కథ వేరు. ఎల్ఫిన్‌స్టన్ విద్యాసంస్థలో 1848 జూన్ 13న స్టూడెంట్స్ లిటరరీ అండ్ సైంటిఫిక్ సొసైటీ మొదలైంది. ప్రొఫెసర్ ప్యాటన్ అధ్యక్షుడు. ముందునిలిచి నడిపినవాళ్లలో ఇరవై రెండేళ్ల దాదాభాయ్ నౌరోజీ ఒకడు. హాలు కాలేజీది, అధ్యక్షుడు ప్రొఫెసరు. కాబట్టి మతం, రాజకీయం ఎత్తకూడదన్న కట్టుబాటు మొదటినుంచీ ఉంది. నోరు కట్టేశారు, ఇక ఏముంటుంది అనుకుంటాం. జరిగింది తలకిందులు. 1849లో బెహ్రామ్‌జీ గాంధీ అనే విద్యార్థి ఆడపిల్లల చదువు మీద వ్యాసం చదివాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ప్యాటన్ ఊరుకోకుండా సరే, మరి మీరేం చేస్తారు అని నిలదీశాడు. ఆ ఏడాది అక్టోబరులో సభ్యులే బడులు తెరిచారు. తమ కాలేజీ మొదలయ్యేలోగా పొద్దున్నే వెళ్లి జీతం లేకుండా పాఠాలు చెప్పేవారు. మొదట చేరింది 44 మంది పార్సీ, 24 మంది హిందూ ఆడపిల్లలు. పిల్లల్ని పంపమని దాదాభాయ్, స్నేహితులు ఇల్లిల్లూ తిరిగారు. కొందరు తండ్రులు మెట్ల మీంచి తోసేస్తామని బెదిరించారని ఆయనే తర్వాత చెప్పుకున్నాడు. జగన్నాథ్ శంకర్‌సేఠ్ చోటిచ్చాడు, కామా కుటుంబం డబ్బిచ్చింది. ఇక్కడ కూడా పని నిలబడింది కాలేజీ బయట దొరికిన గదుల వల్లే. (న్యాయం కోసం చెప్పాలి: అదే 1848లో పుణేలో జోతిరావు, సావిత్రిబాయి ఫూలేలు ఏ విద్యార్థి సభ దన్నూ లేకుండా ఆడపిల్లల బడి పెట్టారు, వాళ్లు ఎదుర్కొన్నదాని ముందు మెట్ల బెదిరింపు చిన్నది.)

బొంబాయివాళ్లు చేసిన ఇంకో తెలివైన పని, 1848లోనే గుజరాతీ, మరాఠీ శాఖలు పెట్టడం. ఇంగ్లిషు రాని దుకాణదారు కూడా వచ్చి కూర్చుని విజ్ఞానశాస్త్రం మీద ఉపన్యాసం వినగలిగాడు. కలకత్తా సభలు ఇంగ్లిషు గీత దాటడానికి చాలా కాలం పట్టింది. ప్యారీచంద్ మిత్ర, రాధానాథ్ సిక్దార్ కలిసి ఆడవాళ్లకు అర్థమయ్యే వాడుక బెంగాలీలో మాసిక పత్రిక తెచ్చేసరికి 1854 అయింది. సిక్దార్ అంటే, హిమాలయ శిఖరాల్లో అన్నిటికన్నా ఎత్తైనది ఏదో లెక్కగట్టిన ఆయనే.

ఈ సభలు ఎవరివి అన్న లెక్క కూడా చెప్పకపోతే జవాబు సగమే. హిందూ కాలేజీలో చేరడానికే పై కులాల హిందూ కుటుంబంలో పుట్టి ఉండాలి. ఆడవాళ్ల స్థితి మీద వ్యాసాలు చదివిన ఆ హాల్లో ఒక్క ఆడమనిషి లేదు. ఈ విషయంలో పడమటి దేశాలు మనకన్నా మరీ ముందేమీ లేవు. అమెరికాలో ఓబర్లిన్ కాలేజీ మొదటినుంచీ ఆడపిల్లల్ని చేర్చుకున్నది, 1830ల్లోనే అక్కడ ఆడపిల్లల సాహిత్య సంఘం ఉంది. కానీ నలుగురిలో నిలబడి వాదించడం మాత్రం మగపిల్లల హక్కు. 1840ల్లో లూసీ స్టోన్, ఆంటోనెట్ బ్రౌన్ స్నేహితురాళ్లను కూడగట్టి ఊరి బయట అడవిలో రహస్యంగా కలుసుకుని వాదన సాధన చేసేవారు. గది లేనివాళ్లకు చెట్లే గది. ఆ సాధన వృథా పోలేదు, ఇద్దరూ తర్వాత దేశమంతా తిరిగి ఉపన్యాసాలిచ్చారు. అక్కడే లూసీ స్టాంటన్ అనే నల్లజాతి విద్యార్థిని 1850లో ఆ ఆడపిల్లల సాహిత్య సంఘానికి అధ్యక్షురాలై, పట్టా పుచ్చుకునే వేదిక మీద బానిసత్వానికి వ్యతిరేకంగా మాట్లాడింది.

చివరి ముక్క, మనవాళ్లు. విద్యార్థులది కాకపోయినా ఒకటి ముందు చెప్పాలి. కల్నల్ మెకంజీ దగ్గర పనిచేసిన కావలి వెంకట లక్ష్మయ్య 1830ల్లో మద్రాసులో హిందూ లిటరరీ సొసైటీ నడిపాడు. మెకంజీ వదిలిపోయిన కైఫీయతుల (ఊళ్ల చరిత్రల సేకరణ) పని మేం కొనసాగిస్తామని అడిగితే కలకత్తా ఏషియాటిక్ సొసైటీలో జేమ్స్ ప్రిన్సెప్ కుదరదన్నాడు. నేటివ్‌కు అంత సత్తా లేదన్నది లోపలి మాట. తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలన్న గొడవ ఇక్కడా తప్పలేదు.

అసలైన విద్యార్థి సంబంధం 1878ది. మద్రాసులో ట్రిప్లికేన్ లిటరరీ సొసైటీ అని ఒకటుండేది. ఆ ఏడాది టి. ముత్తుస్వామి అయ్యర్‌ను హైకోర్టు జడ్జిగా వేస్తే తెల్లవాళ్ల పత్రికలు దుమ్మెత్తిపోశాయి. జవాబు చెప్పడానికి మనకంటూ పత్రిక లేదే అని ఆ సొసైటీలో తిరిగే ఆరుగురు కుర్రాళ్లు ఒక రూపాయి పన్నెండణాలు అప్పు చేసి సెప్టెంబరు 20న 80 ప్రతులతో ది హిందూ అచ్చేశారు. ఇద్దరు పంతుళ్లు: జి. సుబ్రహ్మణ్య అయ్యర్, ఎం. వీరరాఘవాచారి. నలుగురు లా విద్యార్థులు. ఆ నలుగురిలో ఒకాయన న్యాపతి సుబ్బారావు పంతులు, ఇంకొకాయన డి. కేశవరావు పంతులు. హిందూ అనగానే అయ్యర్లు, అయ్యంగార్లు గుర్తొస్తారు గానీ ఈ పంతుళ్ల పేర్లు మనవాళ్లకే తెలియవు. కలకత్తాలో పార్థినాన్‌ను కాలేజీ పెద్దలు నలిపేసినట్టు దీన్ని నలపడానికి వీల్లేదు, ఎందుకంటే ఆ సొసైటీ ఏ కాలేజీ కిందా లేదు.

లా పూర్తయ్యాక సుబ్బారావు పంతులు రాజమండ్రి వచ్చి ప్రాక్టీసు పెట్టాడు. అక్కడ కందుకూరి వీరేశలింగం 1878లోనే సంఘ సంస్కరణ సమాజం పెట్టి, 1881 డిసెంబరు 11న మొదటి వితంతు వివాహం జరిపించాడు. ఊరు ఊరంతా ఎదురు తిరిగితే ఆయన వెనక నిలబడినవాళ్లలో కాలేజీ విద్యార్థులు ముఖ్యులు. బసవరాజు గవర్రాజు లాంటి శిష్యులు లేకపోతే ఆ పెళ్లి జరిగేది కాదు. కాకినాడ నుంచి పైడా రామకృష్ణయ్య డబ్బు ఇచ్చాడు. 1890లో వీరేశలింగం తన సొంత డబ్బుతో రాజమండ్రిలో టౌన్‌హాలు కట్టించాడు, జనం సభలు పెట్టుకోవడానికి. వీరేశలింగం పంతులుగారు రాసిన పుస్తకాల గురించి వందలకొద్దీ పేజీలు రాశాం మనం, ఈ హాలు గురించి ఎంత రాశామో మీరే చూడండి. 1891లో సుబ్బారావు పంతులు చింతామణి పత్రిక మొదలుపెట్టి వీరేశలింగం చేతికిచ్చాడు. ట్రిప్లికేన్‌లో నేర్చుకున్నది గోదావరి ఒడ్డున అలా పనికొచ్చింది.

ఈ సభలు ఎందుకు పోయాయంటే, పెద్ద రహస్యమేమీ లేదు. 1851లో కలకత్తాలో, 1852లో బొంబాయి, మద్రాసుల్లో పెద్దవాళ్ల రాజకీయ సంఘాలు వచ్చి వేడి చర్చలను లాక్కుపోయాయి. 1857లో యూనివర్సిటీలు వచ్చాక పరీక్షల గొడవ ఎక్కువైంది. చర్చా సభ కాలేజీ లోపల ప్రొఫెసరు అధ్యక్షతన శుక్రవారం సాయంత్రం కార్యక్రమంగా మారిపోయింది.

సెమినార్ పేపర్ రాస్తున్నానన్నారు కాబట్టి రెండు జాగ్రత్తలు. డెరోజియో హిందూ కాలేజీలో చేరిన ఏడాది కొన్ని పుస్తకాల్లో 1826 అని, కొన్నిట్లో 1828 అని ఉంటుంది. ఏది రాసినా దేన్ని అనుసరించారో చెప్పండి. డెరోజియో శిష్యులు గొడ్డుమాంసం ఎముకలు పక్కింట్లోకి విసిరిన గొడవను చాలామంది అకడమిక్ అసోసియేషన్ ఖాతాలో వేసి, దానివల్లే డెరోజియో ఉద్యోగం పోయిందని రాసేస్తారు. అది జరిగింది 1831 ఆగస్టులో, కృష్ణమోహన్ బెనర్జీ ఇంట్లో, ఆయన లేని సమయంలో. డెరోజియో రాజీనామా అప్పటికి నాలుగు నెలల పాతది.